'ఆయ్' అంటే నొప్పి కాదు

2023 ఎండాకాలం. రాజమండ్రిలో ఒక పార్సిల్ కంపెనీ ఆఫీసులో నా పని కవరేజీ చూడటం. అంటే ఏ పిన్‌కోడ్‌లో ఏ కొరియర్ పార్ట్‌నర్ పార్సిళ్ళు అందించాలో కంప్యూటర్లో కేటాయించడం. డ్యాష్‌బోర్డు మీద మా గోదావరి జిల్లాలన్నీ పిన్‌కోడ్ల ముక్కలుగా కనిపిస్తాయి. పార్సిళ్ళు సజావుగా అందే ముక్క పచ్చగా, వెనక్కి పోయే ముక్క ఎర్రగా ఉంటుంది. అలా వెనక్కి పోవడాన్ని మేము ఆర్‌టీఓ అంటాం, రిటర్న్ టు ఆరిజిన్ అని. మా మామగారు మాత్రం నేను లైసెన్సుల ఆఫీసులో ఉన్నాననుకుని ఇప్పటికీ బంధువుల్ని నా దగ్గరికి పంపిస్తుంటారు.

ఆ ఏప్రిల్లో హెడ్ ఆఫీసు వాళ్ళు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. పార్సిల్ మా దగ్గర్నుంచి పార్ట్‌నర్‌కి బయల్దేరే ముందు రమ్య అనే ఆడగొంతు కస్టమర్‌కి ఫోన్ చేస్తుంది. మనిషి కాదు, మెషీను. "మీ పార్సిల్ ఈ రోజు తీసుకుంటారా? అవును లేదా కాదు అని చెప్పండి" అంటుంది. అవునంటే పార్సిల్ కదులుతుంది. మూడుసార్లు అడిగినా ఆ మాట వినపడకపోతే వెనక్కి పోతుంది. మొదటి రోజు మేమంతా చప్పట్లు కొట్టాం కూడా.

రెండు వారాలు తిరక్కుండానే ద్రాక్షారామం వైపు ఒక పిన్‌కోడ్ ఎర్రబడింది. అక్కడి పార్ట్‌నర్ సుగుణ గారు. నాలుగు ఊళ్ళకి ఆవిడొక్కరే, ఆవిడకో స్కూటీ. ఆవిడ పేరు పక్కన 'ఏడు రోజుల్లో తొలగింపు' అని పడింది. ఎర్రబడిన పార్ట్‌నర్‌ని సాఫ్ట్‌వేరే తీసేస్తుంది, నన్నడగదు.

మర్నాడే ఆవిడ ఆఫీసుకి వచ్చారు.

"నేనేం తప్పు చేశానండి? పార్సిళ్ళే నా దాకా రావట్లేదండి. చీర రాలేదు, కుక్కర్ రాలేదని జనం నా మీదకొస్తున్నారండి."

"ముందు కూర్చోండమ్మా. ఏంటో కనుక్కుందాం."

"కూలికెళ్ళిన మనిషినండి నేను. అప్పుడందరూ 'ఏమే సుగుణా' అనేవారండి. ఇప్పుడు నాలుగూళ్ళలోనూ 'సుగుణ గారూ' అంటున్నారు. ఈ పని పోతే ఆ 'గారు' కూడా పోద్దండి."

నా పేరు పక్కన 'గారు' ఊరికే వచ్చింది. దాని కోసం నేను ఎండలో స్కూటీ నడపలేదు.

ఆవిడ ఎదురుగానే రమ్య చేసిన కాల్స్ రికార్డింగులు పెట్టాను. మొదటిది ఎవరో పెద్దాయనది.

"అవును లేదా కాదు అని చెప్పండి."

"ఆయ్."

"క్షమించండి, అర్థం కాలేదు. అవును లేదా కాదు అని చెప్పండి."

"ఆయ్, ఆయ్. తెచ్చెయ్యండి."

"క్షమించండి, అర్థం కాలేదు."

"ఆయ్ అంటున్నాను కదమ్మా! ఎండలో పడి తిరుగుతున్నట్టున్నావు, వచ్చి మజ్జిగ తాగి వెళ్ళు."

రమ్య ఫోన్ పెట్టేసింది. ఆయన పార్సిల్ వెనక్కి వెళ్ళిపోయింది. ఇరవై రికార్డింగులు విన్నాం, పంతొమ్మిదింటిలో ఆయే. 'అవును' అన్నది ఒక్కరే, ఆయన మా వైపు బదిలీ మీద వచ్చిన బ్యాంకు మేనేజరు.

బెంగళూరులో ఆ సాఫ్ట్‌వేర్ చూసే ఇంజినీరు నిఖిల్‌కి ఫోన్ చేశాను. అతనికి తెలుగు రాదు, మా మాటలన్నీ ఇంగ్లీషులోనే.

"నేనే మీకు చేద్దామనుకుంటున్నాను. కస్టమర్ మూడ్ అనే కాలమ్‌లో ఆ పిన్‌కోడ్ మొత్తానికి 'నొప్పి' అని వస్తోంది. మీ దగ్గర ఏదైనా జబ్బు వ్యాపించిందా?"

"జబ్బు కాదండీ, మర్యాద. మా వైపు అవునని చెప్పడానికి 'ఆయ్' అంటారు."

"డిక్షనరీలో లేదు. మీరే కస్టమర్లకి ట్రైనింగ్ ఇవ్వండి."

నాకు ఒళ్ళు మండింది. అయినా రోజులు తరుగుతున్నాయి. ఆదివారం సుగుణ గారి ఊరి లూథరన్ చర్చికి వెళ్ళాను. ట్రైనింగ్ ఇచ్చామని రుజువు చూపించడానికి ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి పెట్టుకున్నాను. ఆరాధన అయ్యాక పాస్టర్ గారు సుగుణ గారి కష్టం వివరంగా చెప్పారు.

"కాబట్టి ఫోన్లో అమ్మాయి అడిగితే అందరూ 'అవును' అనాలి. 'ఆయ్' అనకూడదు. అర్థమైందా?"

చర్చి చర్చంతా ఒక్క గొంతుతో అంది: "ఆయ్!"

సుగుణ గారు తల పట్టుకున్నారు. నేను నవ్వు ఆపుకోలేక బయటికొచ్చి చెప్పుల దగ్గర కూలబడ్డాను. ఆవిడ కూడా వచ్చి, "మీకు నవ్వులాటగా ఉందాండీ?" అని కసిరి, ఆ మాట పూర్తవకుండానే తనూ నవ్వేశారు.

ఆ రికార్డింగునే నిఖిల్‌కి పంపాను. పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"ఇంతమందికి ఒకేసారి నొప్పి రాదు కదా సార్," అన్నాడు.

అతను 'ఆయ్'ని డిక్షనరీలో చేర్చి పాత కాల్స్ అన్నీ సాఫ్ట్‌వేర్‌కి మళ్ళీ వినిపిస్తే, సుగుణ గారి పిన్‌కోడ్ జిల్లాలో అందరికన్నా పచ్చగా తేలింది. తొలగింపుకి అప్పటికి ఒక్క రోజే ఉంది. వెంటనే ఆవిడకి ఫోన్ చేసి, "మీ 'గారు' ఎక్కడికీ పోలేదండీ" అన్నాను. అవతల ఆవిడ ముక్కు చీదుకోవడం వినిపించింది. నాకూ కళ్ళు చెమర్చాయి, ఆఫీసులో అందరూ చూస్తున్నారని తుడుచుకోలేదు.

తర్వాత నిఖిల్, 'కాదు' అనడానికి కూడా మా వైపు మాటలు పంపమన్నాడు. ఎంత ఆలోచించినా నాకు ఒక్కటీ తట్టలేదు. సుగుణ గారినే అడిగాను.

"మొహం మీద కాదని ఎలాగంటామండి? 'చూద్దామండీ' అంటాం."

నెల తర్వాత హెడ్ ఆఫీసు నుంచి మెయిలొచ్చింది. సుగుణ గారి పనితనం మెచ్చి, కాలవ అవతలి మూడు ఊళ్ళు కూడా ఆవిడకే ఇవ్వమన్నారు. ఇంకో మనిషిని మాత్రం ఇవ్వరట. నేను ఫోన్ చేసి ఆ మూడు ఊళ్ళ గొప్పతనమంతా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు. భోజనం చేశారా అని అడిగారు. చివరికి, "చూద్దామండీ" అన్నారు.

తెర మీద 'పార్ట్‌నర్ సమ్మతి' కింద ఎస్, నో అని రెండు బటన్లున్నాయి. ఆ ఎండాకాలానికి ముందైతే నేను ఇంకో నాలుగుసార్లు ఫోన్ చేసి, ఆవిడ మొహమాటాన్ని ఎస్‌గా మార్చుకుని ఉండేవాణ్ణి. ఎంతమంది పార్ట్‌నర్ల దగ్గర అలా చేశానో తలుచుకుంటే సిగ్గేసింది. అన్నాళ్ళూ రమ్యని వెక్కిరించాను గానీ, నా చెవులు అంతకన్నా ఏం మెరుగు?

నో నొక్కాను. రెండోసారి అడగలేదు.