అటెన్షన్‌లో నిలవని చెయ్యి

ఆ రోజు బడి నుంచి మా శైలజ కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని వచ్చింది. పడిందేమోనని విడిపించి చూశాను. వాపు లేదు, గాయం లేదు. వదలగానే వేళ్లు ముడుచుకుని, విచ్చుకుని, మణికట్టు పక్కకి విసిరినట్టు తిరిగింది. "నేను చెయ్యట్లేదమ్మా, అదే పోతోంది," అంది.

అప్పుడది ఆరో తరగతి. మాది కర్నూలు వైపు. మావారికి సిటీలో యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం, క్యాంపస్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. పిల్ల తార్నాకలో హైస్కూలుకి నడిచి వెళ్లేది. అంతకుముందెప్పుడో గొంతునొప్పి, జ్వరం వచ్చి తగ్గాయి. తర్వాత మోకాళ్లు నొప్పులంటే ఎదిగే పిల్ల కదా అనుకున్నాం.

చేతి సంగతి మాకంటే ముందు బడిలోనే తెలిసింది. సంగీతం క్లాసులో అందరూ తొడ మీద ఆదితాళం వేస్తూ పాడాలి. శైలజ దెబ్బ కాస్త ముందో వెనకో పడి, పక్కపిల్లల తాళం కూడా చెదిరేది. టీచర్ మొదట కసిరారు, తర్వాత వెనక వరసలో కూర్చోబెట్టి తాళం వద్దన్నారు. డ్రిల్లు పీరియడ్‌లో తప్పించుకునే దారి లేదు. అటెన్షన్ అంటే వేలు కూడా కదలకూడదు.

మాట్లాడదామని వెళ్లినప్పుడు పీటీ సార్ గ్రౌండులో ఉన్నారు. పెద్ద గొంతు, నల్లగొండ మనిషి. పిల్లలకి ఆరోగ్యం పాఠాలు కూడా ఆయనే చెప్పేవారు.

"ఏం తినిపిస్తున్నరు మేడం? పాలు, గుడ్లు పెడ్తలేరా? బలం లేక ఊగుతున్నది. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి, నేను సెట్ చేస్త."

సెట్ చేయడమంటే చెయ్యి ఆగేదాకా అటెన్షన్‌లో నిలబెట్టడం. నా ఎదుటే నిలబెట్టారు. ఆపాలని పిల్ల పళ్లు బిగించేకొద్దీ చెయ్యి ఇంకా ఎగిరింది. భుజం ఎగిరింది, మూతి వంకర పోయింది.

"ఏ శైలూ, చేపలు పడ్తున్నవా?" అన్నాడొక పిల్లాడు. వరసంతా నవ్వింది. శైలజ కూడా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చేసింది. "సార్, ఇక చాలు," అన్నాను. ఆయనకి వినబడలేదో, పట్టించుకోలేదో.

ఇంట్లోనూ రోజురోజుకీ ఎక్కువైంది. ముద్ద నోటిదాకా వెళ్లేది కాదు. గ్లాసు జారిపోయేది. అత్తయ్య ఊరి నుంచి వచ్చి, "పాపకి ఎవురి కన్నో పడింది మే," అని దిష్టి తీసింది. నిద్రలో మాత్రం చెయ్యి నిశ్చలంగా ఉండేది. "నిద్రలో లేదంటే కావాలనే చేస్తోందేమో," అన్నారు మావారు. కోపంతో కాదు. అదే నిజమైతే బాగుండునన్నట్టు అన్నారు.

నల్లకుంటలో పిల్లల డాక్టరమ్మకి చూపించాం. "నాలుక బయట పెట్టి అలాగే ఉంచు తల్లీ," అన్నారు. నాలుక లోపలికి జారిపోయింది. "నా వేళ్లు గట్టిగా పట్టుకో." పిల్ల పట్టు బిగుస్తూ, వదులవుతూ, పాలు పిండుతున్నట్టే ఉంది. అప్పుడామె నా వైపు తిరిగి గొంతునొప్పి ఎప్పుడైనా వచ్చిందా అని అడిగారు. చెయ్యి చూడమని తీసుకొస్తే గొంతు అడుగుతారేమిటి అనుకున్నాను.

"ఇది అల్లరి కాదమ్మా, రుమాటిక్ కొరియా. గొంతులో ఇన్ఫెక్షన్ మీద తయారైన యాంటీబాడీస్ ఇప్పుడు మెదడు మీద పనిచేస్తున్నాయి. చెయ్యి నెమ్మదిగా తగ్గిపోతుంది. అవే గుండెనీ దెబ్బతీయొచ్చు, నా భయం దాని గురించి. వెంటనే ఎకో చేయించండి."

నేను బీఎస్సీ చదివాను. గొంతునొప్పి గుండెదాకా వెళ్తుందని నాకెవరూ చెప్పలేదు.

ఎకో గదిలో డాక్టరు తెర మీంచి కళ్లు తీయకుండా, "మైల్డ్ ఎమ్మార్," అన్నారు. గుండెలో ఒక వాల్వ్ కొద్దిగా లీకవుతోందట.

"పెరుగుతుందా సార్?"

"చెప్పలేమమ్మా. గొంతునొప్పి వెనక వచ్చే ఈ జబ్బే, రుమాటిక్ ఫీవర్, మళ్లీ వస్తే వాల్వ్ ఇంకా పాడవుతుంది. రాకుండా చూసుకోవాలి."

బెడ్ రెస్ట్ అన్నారు, చెయ్యి ఆగడానికి మాత్రలు రాశారు. అవి మొదలుపెట్టిన కొద్దిరోజులకే మధ్యాహ్నం అన్నం తింటుండగా పిల్ల మెడ ఒకపక్కకి తిరిగి బిగుసుకుపోయింది. కళ్లు పైకి వెళ్లిపోయాయి. ఆటోలో నా ఒళ్లో పడుకుని, "చచ్చిపోతానా అమ్మా?" అని ముద్దముద్దగా అడిగింది. మెడ సరిచేయబోతే అరిచింది. ఇక ముట్టుకోకుండా కూర్చున్నాను. ఆస్పత్రిలో ఇంజెక్షన్ ఇచ్చాక వదులైంది. "మాత్ర రియాక్షన్. డోసు తగ్గిద్దాం," అన్నారు, వాళ్లకది రోజూ ఉండేదే.

చెయ్యి ఆగడానికి నెలలు పట్టింది. ఎప్పుడు ఆగిందో నేను గమనించనేలేదు. ఒకరోజు చూస్తే పిల్ల తనంతట తనే జడ వేసుకుంటోంది.

విషయం తెలిసి పీటీ సార్ ఇంటికి వచ్చారు. "తెల్వక నిలబెట్టిన బిడ్డా," అని దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. అప్పటినుంచి దాన్ని గ్రౌండులో అడుగు పెట్టనివ్వలేదు.

ఇప్పుడు ఎనిమిదో తరగతి. మామూలుగా ఆడుకోవచ్చు, పోటీలు వద్దు అన్నారు డాక్టర్లు. మొన్న నేను బడికి వెళ్లినప్పుడు పీటీ సార్, "మీరే చెప్పుండ్రి మేడం, ఉరకనియ్యాల్నా?" అని అడిగారు. శైలజ మా ఇద్దరినీ చూసి, చెప్పులు విడిచి పరుగెత్తింది. తిరిగి వచ్చేదాకా దాని ఛాతీనే చూస్తూ నిలబడ్డాను.

లీకు ఇప్పటికీ అలాగే ఉంది. తగ్గలేదు, పెరగలేదు. గొంతు ఇన్ఫెక్షన్ మళ్లీ రాకుండా మూడు వారాలకోసారి పెనిసిలిన్ ఇంజెక్షన్, ఇంకా చాలా ఏళ్లపాటు. తార్నాకలో కాంపౌండరు, "రియాక్షన్ అయితే నా గతేంది అమ్మా? నాతోని కాదు," అన్నాడు. అందుకని ప్రతిసారీ పెద్దాసుపత్రికే వెళ్తాం. టెస్ట్ డోసు వేసి కూర్చోబెడతారు. దాని చేతి మీద దద్దురు లేస్తుందేమోనని చూస్తూ కూర్చుంటాను. తర్వాత తుంటికి ఇంజెక్షన్ వేస్తారు, రెండు రోజులు కుంటుతుంది.

మీ పిల్లలకి ఈ ఇంజెక్షన్ రాసి ఉంటే నేను చెప్పేది ఒక్కటే. పిల్ల బాగానే ఉంది కదా, ఈసారికి మానేద్దామని ఇంట్లో అంటారు. డాక్టరు ఆపమనేదాకా మానకండి. సోమవారం మళ్లీ మా వంతు. "ఈ ఒక్కసారికీ వద్దమ్మా," అని బతిమాలి, ఏడ్చి, ఇందాకే నిద్రపోయింది. తీసుకువెళ్తాను.