తెలిసినవాడికి తొందరెక్కువ

మా పీఈటీ సారు పోయారు. ఆదివారం ప్రార్థన ముగించుకుని ఇంటికి వస్తుంటే, బడిలో నాతో కబడ్డీ ఆడిన స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. "ఇంక మనల్ని మొద్దుల్లారా అని పిలిచేదెవరే?" అంటూ అదే ముందు ఏడ్చింది.

సారు మెడలో విజిల్ ఉండేది గానీ ఊదేవారు కాదు, చప్పట్లు కొట్టేవారు. లెక్కల మేష్టారు డ్రిల్లు పీరియడ్ అడిగితే, "మీ లెక్కల పీరియడ్‌లో నేను కబడ్డీ ఆడిస్తా, ఇస్తారా?" అనేవారు. ఆయన మళ్ళీ అడిగేవారు కాదు.

నాకు వచ్చిన కూత ఒక్కటే. ఎడమ మూలకు వెళ్ళి, అక్కడ కాసే అమ్మాయిని తాకి రావడం. ఆ సంగతి చుట్టుపక్కల బడులన్నిటికీ తెలిసిపోయింది. పదో తరగతిలో జిల్లా జట్టు ఎంపిక దగ్గరపడింది. ఎంపికైతే హాస్టల్లో సీటు, ఇంటర్ చదువు. లేకపోతే అమ్మతో పాటు మిరప కోతలకే. కొత్తదేదైనా నేర్పమని సారును బతిమాలాను.

ఆయనకు ఫోన్‌లో అమెరికా ఫుట్‌బాల్ చూసే పిచ్చి ఉండేది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక వీడియో పెట్టారు.

"ఇదేం ఫుట్‌బాల్ సార్, ఎవరూ కాలితో తన్నరే!"

"నోర్మూసుకుని చూడవే. బంతి చంకలో పెట్టుకుని వీడు ఎప్పుడూ ఈ పక్కకే పరిగెడతాడు. ఆ సంగతి అందరికీ తెలుసు."

ఎదుటి జట్టంతా ఆ పక్కకే ఉరికింది. అతను రవ్వంత ఆగి, వాళ్ళు వదిలేసిన సందులోంచి జారిపోయాడు.

"చూశావా? తెలిసినవాడికి తొందరెక్కువ. వాడి తొందరే నీకు దారి."

"వాళ్ళు తొందరపడకపోతేనో?"

"దెబ్బలు తిని రావడమే. వీళ్ళూ తింటారు అప్పుడప్పుడు. అయినా గోంగూర పచ్చడని ముందే తెలిసిందని ఎవడన్నా విస్తరి ముందు నుంచి లేచిపోతాడా?"

కొత్త కూత నేర్పనే లేదు. ఆ పాత కూతలోనే అరక్షణం ఆగడం నేర్పారు, నాకు విసుగు పుట్టేదాకా.

ఎంపిక రోజున కనిగిరి పిల్లలతో ఆట. ఆఖరి కూతకు నేనే వెళ్ళాను. "ఎడమకే వచ్చిద్దే, కాసుకో!" అని అరిచారు. ఎడమకే వెళ్ళాను. ఆగాను. మూల అమ్మాయి నా కాలి మీదికి దూకింది. కాలు అక్కడికి ఇంకా రాలేదు. బోర్లా పడిన దాని వీపు తాకి మధ్యగీత దాటేశాను.

ఆ కూతే నన్ను చదివించింది. మార్టూరు దగ్గర ఒక బడిలో ఇవాళ నేను పిల్లల్ని ఆడించి తింటున్న అన్నం సారు పెట్టిందే. ఈ మాట ఆయనతోనే చాలాసార్లు అన్నాను. "సర్లేవే" అనేవారు.

ఆ రోజు గెలిచిన సంబరంలో సారు కోసం చూస్తే మా వైపు లేరు. అవతలి వైపు గొంతుక్కూర్చుని, పడిపోయిన పిల్లకు దుమ్ము దులుపుతున్నారు. "తొందరపడ్డావు తల్లీ. అది అరక్షణం ఆగిద్ది. నువ్వూ ఆగాలి."

నాకు ఒళ్ళు మండింది. "సార్! నా గుట్టు వాళ్ళకు చెప్పేశారేంటి?"

"చెప్తే ఏమైందే? ఇక ఆగడానికి కూడా తొందరపడిద్ది," అన్నారు, తలెత్తకుండానే. ఆ పిల్ల మోచేతిలో గుచ్చుకున్న ఇసుకను ఊదుతూ, వేలి కొసతో మెల్లగా తీస్తున్నారు. ఏడుస్తున్న పిల్ల కాస్తా ఫక్కున నవ్వింది.