ఒంటె కొందామా, దున్న కొందామా

ఆ రోజుల్లో హైటెక్ సిటీలో పనిచేసేవాళ్లకి రెండు రకాల సెలవులుండేవి. ఒకటి క్యాలెండర్లో ఎర్రగా కనిపించేది, రెండోది బంద్ పిలుపుతో వచ్చేది. ఈ రెండోదాన్ని మా మేనేజరు సెలవుగా ఒప్పుకునేవాడు కాదు. వచ్చే శనివారం ఆఫీసుకి రప్పించి మరీ చెల్లు వేసుకునేవాడు. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న కాలమది. ఊరు ఊరంతా రాష్ట్రం ఒకటా రెండా అని కొట్టుకుంటుంటే, చందానగర్‌లో ఒక మేడ మీద గదిలో నేనూ, నా రూమ్మేటూ ఒంటె కొనాలా దున్న కొనాలా అని కొట్టుకునేవాళ్లం. రాష్ట్రం సంగతి తేలిపోయింది. మా సంగతే తేలలేదు.

ఒంటె, దున్న అంటే పశువులు కావు లెండి, మోటారు సైకిళ్లు. కొండలూ గుట్టలూ ఎక్కడానికీ, రోజుల తరబడి దూరాలు పోవడానికీ పనికొచ్చే నడిమి సైజు బండ్లు అప్పుడప్పుడే మా వైపు షోరూముల్లో దిగుతున్నాయి. వాటిలో రెండు మా కంట్లో పడ్డాయి. ఒకటి సన్నగా, ఎత్తుగా, మెడ చాచి నిలబడేది. అది ఒంటె. రెండోది బరువుగా, నేలకి దగ్గరగా, ఎవరేమన్నా పట్టించుకోనట్టు ఉండేది. అది దున్న. ఈ పేర్లు పెట్టింది నా రూమ్మేటే. వాడిది హన్మకొండ, నాది గోదావరి జిల్లా. వాడు ఆరడుగుల పైచిలుకు మనిషి కాబట్టి ఆఫీసులో అందరూ లంబూ అనేవారు. నా ఎత్తు ఇక్కడ చెప్పను (మా అమ్మ దృష్టిలో నేను సరిపడా ఎత్తే). నన్ను వాడు 'గోదావరీ' అని పిలిచేవాడు. ఇద్దరం పెళ్లిళ్లు కాకముందే హిమాలయాల్లో ఉన్న స్పితి లోయ బండ్ల మీద చూసి రావాలని ఒట్టు వేసుకున్నాం. అందరూ లేహ్ వెళ్తున్నారు కాబట్టి మేం వెళ్లకూడదని నియమం. ఇద్దరం ఒకే రకం బండి కొనాలన్నది రెండో నియమం. ఎందుకంటే ఒకే రకమైతే క్లచ్ కేబులూ, ట్యూబూ, బ్రేకు లీవరూ ఇద్దరికీ కలిపి ఒక్కొక్కటి మోసుకుపోతే చాలు. దారిలో ఎవరి బండి మొరాయించినా రెండోవాడి సంచిలో మందుంటుంది. ఈ రెండో నియమమే మా కొంప ముంచింది.

నాకు ఒంటె కావాలి. వాడికి దున్న కావాలి. "ఒరేయ్, రాళ్లల్లో పోయేటప్పుడు కింద తగలకుండా ఎత్తుండాలి కదరా" అని నేను. "ఎత్తుంటే బండికి మంచిదే, నీకే మంచిది కాదు. సిగ్నల్ కాడ ఆగినంక కాళ్లు గాల్ల ఊగుతయ్ రా" అని వాడు. "నా కాళ్లు అందుతాయి." "అందయ్." "అందుతాయిరా బాబూ." ఇలా పళ్లు తోముకునేటప్పుడు మొదలైతే, కర్రీ పాయింటు నుంచి తెచ్చుకున్న పప్పు చల్లారిపోయేదాకా సాగేది. కింద వాటాలో ఉండే ఓనరమ్మ మేం గదిలో చేరిన రోజే ఒక షరతు పెట్టింది. "మీ దోస్తానీ మీరు చేసుకోన్రి గని, నా ఇంట్ల రాష్ట్రం లొల్లి మాత్రం వెట్టొద్దు బిడ్డా" అని. మేం ఆ మాటకి అక్షరాలా కట్టుబడ్డాం. టీవీలో ఎవరో నాయకుడు ఏదో అంటాడు, నాకు ఒళ్లు మండుతుంది, నోరు మూసుకుని "ఆ దున్నకి అంత బరువెందుకురా అసలు?" అంటాను. ఇంకో రోజు మా వైపు వాళ్లెవరో ఏదో కూస్తారు, వాడి మొహం ఎర్రబడుతుంది, "ఒంటెను చేసినోనికి అక్కల్లేదు, బుద్ధి లేదు" అంటాడు. పాపం ఆ రెండు బండ్లూ మా వల్ల ఎన్ని తిట్లు తిన్నాయో.

బంద్ రోజున టెస్ట్ రైడ్ చేద్దామన్న బంగారం లాంటి ఆలోచన మాత్రం నాదే. మామూలు రోజుల్లో ఆ రోడ్ల మీద క్లచ్ నొక్కి పట్టుకుని చెయ్యి వాయడం తప్ప బండి గుణం తెలియదు. బంద్ రోజైతే మైదానమే! షోరూం షట్టరు సగం దించి లోపల ఒంటరిగా టీ తాగుతున్న మేనేజరు, బేరాల్లేక విసిగి ఉన్నాడేమో, మమ్మల్ని చూసి ముచ్చటపడి ఒంటె తాళం ఇచ్చాడు. "జర సంభాలించుకొని పోన్రి సార్, ఒక్కటే పీసు" అన్నాడు. నేను ముందు, లంబూ వెనక. తెల్లాపూర్ వైపు అప్పటికి ఇన్ని మేడలు లేవు. బండరాళ్లూ, మట్టి బాటలూ, ప్లాట్ల హద్దురాళ్లూ. అక్కడ మేం స్పితి లోయ చూసేశాం. గుంటల్లో దూకించాను, గుట్ట ఎక్కించాను, ఎక్కడ ఆపినా ఒంటె రాయిలా కదలకుండా నిలబడింది. "చూశావా, అందాయి!" అని ఆపిన ప్రతిచోటా వెనక్కి తిరిగి అన్నాను. లంబూ మాత్రం "ఆఁ, చూసిన తియ్" అనేవాడు.

తిరిగొచ్చేటప్పుడు హైవే మీద దొరికిపోయాం. రోడ్డుకి అడ్డంగా ఉద్యమకారుల వంటావార్పు. మూడు రాళ్ల పొయ్యిలు, పెద్ద పెద్ద గిన్నెలు, డప్పులు, పాటలు. నలుగురు అడ్డం వచ్చి "బంద్ నాడు గీ బండేంది? ఏడికెల్లి వస్తున్రు?" అన్నారు. లంబూ దిగకుండానే "అన్నా, మాది హన్మకొండ" అన్నాడు. "మరి నీది?" అని నన్నడిగారు. "ఇక్కడేనండి. చందానగరేనండి. చాలా కాలం నుంచీనండి" అన్నాను. ఒక్క క్షణం డప్పు కూడా ఆగింది. తర్వాత అందరూ ఒక్కసారే నవ్వారు. గిన్నె కలుపుతున్న ఒక పెద్దమ్మ గరిటె ఎత్తి, "పోరగాన్ని భయపెట్టకున్రి. ఏ ఊరోడైతేంది, ఆకలి గాదా? రా కొడుకా, గీ ఉల్లిగడ్డలు కొయ్" అంది. అలా నేను, సమైక్యవాదుల ఇంట పుట్టినవాణ్ని, తెలంగాణ కోసం ఒక గంపెడు ఉల్లిపాయలు కోసి కన్నీళ్లు కార్చాను. తర్వాత విస్తరి నిండా వాళ్లు వడ్డించిన అన్నం, పచ్చిపులుసు తిన్నాను. అంత రుచిగా ఆ రోడ్డు మీద మళ్లీ ఎప్పుడూ తినలేదు. బయల్దేరుతుంటే పెద్దమ్మ ఒంటెను ఎగాదిగా చూసి, "గింత ఎత్తు బండి నువ్వెట్లెక్కుతవు బిడ్డా, నిచ్చెనేసుకుంటవా?" అంది. లంబూ ముందు తను ఎక్కి వెనక్కి జరిగి కూర్చుని, "ఎక్కురా" అన్నాడు. నేను దర్జాగా ఎక్కాను. ఒంటె కదల్లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. అంతకన్నా రుజువేం కావాలి?

అయినా వాడు ఒప్పుకోలేదు. మరో బంద్‌కి దున్న నడిపాం, మరో బంద్‌కి మళ్లీ ఒంటె. ఏళ్లు గడిచాయి. ఎండాకాలం వెళ్దామనుకున్నది వానలు తగ్గాక అనుకున్నాం, వానలు తగ్గాక మళ్లీ ఎండాకాలం అనుకున్నాం. మమ్మల్ని చూస్తే షోరూం మేనేజరు ఛాయ్ చెప్పడం కూడా మానేశాడు.

తర్వాత ఒక సాయంత్రం రాష్ట్రం వస్తోందని తేలిపోయింది. వీధిలో టపాకాయలు, కింద ఓనరమ్మ ఇంట్లో ఈలలు. లంబూ ఒంటి నిండా రంగుతో, చేతిలో మిఠాయి డబ్బాతో మెట్లెక్కి వచ్చి, గుమ్మం దగ్గర ఆగిపోయాడు. తన గదిలోకి తనే రావడానికి మొహమాటపడ్డాడు. నేను మంచం మీంచి లేచి నిలబడ్డాను. ఏమనాలో తెలియక, ప్రమోషన్ వచ్చినవాడికి చెప్పినట్టు "కంగ్రాట్యులేషన్స్" అన్నాను. వాడు "థాంక్స్" అన్నాడు. మా ఇద్దరి మధ్య అంతకుముందు ఆ రెండు మాటలూ ఎప్పుడూ నడవలేదు. మిఠాయి తిన్నాం. కాసేపటికి వాడు, "ఒంటెనే తీసుకుందాం తియ్ రా, నీకు నచ్చింది గద" అన్నాడు. "అబ్బే వద్దు, దున్నే తీసుకుందాం, నీ ఇష్టం" అన్నాను. "లే, నీ ఇష్టమే." "కాదు కాదు, నీ ఇష్టం."

అంతే, అక్కడితో అయిపోయింది. ఎన్ని తిట్లు తిన్నా చెక్కుచెదరని స్పితి ప్రయాణం ఈ మర్యాదకి తట్టుకోలేకపోయింది. ఆ మర్నాటి నుంచి పప్పు చల్లారకుండానే భోజనాలు అయిపోయేవి. గెలిచినవాడిగా నన్ను నొప్పించకూడదని వాడు, ఓడినవాడిలా కనిపించకూడదని నేను, ఇద్దరం చుట్టాల్లా మసలుకున్నాం. కొన్నాళ్లకి వాడి ప్రాజెక్టు పుణెకి మారింది. నేను పెళ్లి చేసుకుని కారు కొన్నాను. పండక్కి ఒక మెసేజీ, పుట్టినరోజుకి ఫోన్లో ఒక కేకు బొమ్మ. ఆ రోజు గుమ్మంలో వాడు నన్ను ఒక్క బూతు మాట తిట్టినా, నేను తిరిగి తిట్టినా, మేం స్పితి చూసి ఉండేవాళ్లమని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అనిపించినప్పుడల్లా బాధగానే ఉంటుంది.

మొన్నామధ్య, మేం ఇప్పుడుంటున్న తెల్లాపూర్ అపార్టుమెంటు సెల్లారులో పాత ఒంటె ఒకటి కనిపించింది. పక్క బ్లాకాయన అమ్మకానికి పెట్టాడు. "ఒకసారి కూర్చుని చూడండి సార్" అన్నాడు ఆయన. (నడుం నొప్పికి బెల్టు పెట్టుకున్న సంగతి ఆయనకి చెప్పలేదు.) దర్జాగా ఎక్కాను. స్టాండు తీశాను. ఎడమ కాలు కింద పెట్టబోయాను. నేల లేదు. కుడి కాలు వెతికాను. అటూ లేదు. ఒంటె నిదానంగా, పాత పగేమీ లేనట్టు, నాతో సహా ఎడమ పక్కకి ఒరిగిపోయింది.

మోకాలు దోక్కుపోయి, అద్దం వంగిపోయి, సెల్లారు నేల మీద అలా పడి ఉన్నప్పుడు, తెల్లాపూర్ గుంటల్లో ఒంటె ఎందుకు రాయిలా నిలబడిందో ఇన్నేళ్లకి నాకు తెలిసొచ్చింది. వెనక కూర్చున్న ఆరడుగుల వాడి కాళ్లు రెండూ నేల మీద ఉండేవి, వాడి బరువుకి బండి కుంగి నా మునివేళ్లు తగిలేవి, అంతే. ఒంటె అసలు వాడి ఎత్తుకి సరిపోయే బండి. అయినా వాడు అన్నాళ్లూ దున్న కోసం కొట్లాడాడు. స్పితికి పోయేటప్పుడు నా వెనక కూర్చోడు కదా మరి, తన బండి మీద తనుంటాడు, నాకేమో దున్న మీదైతేనే కాళ్లందుతాయి.

ఆయన నన్నూ, బండినీ లేపి నిలబెట్టాక, అక్కడే గోడకి ఆనుకుని లంబూకి ఫోన్ చేశాను. "హలో, ఎలా ఉన్నావు? ఇంట్లో అందరూ బాగేనా?" అన్నాడు పండగ గొంతుతో, పుస్తకాల భాషలో. "కాళ్లు అందలేదురా" అన్నాను.

వాడు ఏ కాళ్లని అడగలేదు, ఏ బండని అడగలేదు.

"ఎవ్వలు గూసోలేదారా ఎన్క?" అన్నాడు.

"లేదురా" అన్నాను.