తిరిగే స్టాండు

మా ఆయన రెహమాన్‌కి తెనాలిలో ఫోటో స్టూడియో. ఇరవై ఆరేళ్లుగా పెళ్లిళ్లు, ఓణీ ఫంక్షన్లు, పాస్‌పోర్టు ఫోటోలు. రెండు వేల నాలుగులో ఆయన బుర్రలోకి ఆండ్రోమెడా దూరింది. అదేదో నక్షత్రాల గుంపట, కంటికి సరిగా ఆనదట, ఫోటోలో పడుతుందట. పడితే ఎవరికి కావాలండీ? అదేమన్నా పెళ్లికూతురా?

అయినా నేను వద్దనలేదు. షుగరు ఆయన కంటి వెనక పొరను తినేస్తోందని గుంటూరు డాక్టరు చెప్పాడు. లేజరు కొట్టినా చూపు ఉండేది ఏడాదో, ఏడాదిన్నరో అన్నాడు. ఈలోగా ఆ ఒక్క ఫోటో తీసి తన కళ్లతో చూసుకోవాలని ఈయన పట్టుదల.

షార్జాలో ఉండే నా తమ్ముడు ముజీబ్ నవంబరులో వస్తున్నాడు. బ్యాగులో ఒక్క సామానే పడుతుందన్నాడు. మళ్లీ రావడం రెండేళ్లకే. ఏది తేవాలో శుక్రవారం ఫోన్లో చెప్పాలి. ఇక చూడండి నా పాట్లు! ఈయన నెట్ సెంటర్ నుంచి కట్టలకొద్దీ కాగితాలు తెచ్చి ఇల్లు పీకి పందిరేశారు. టెలిస్కోపుల్లో ఒకడు అద్దం గొట్టం కొనమంటాడు, ఇంకొకడు లెన్సు గొట్టమే మేలంటాడు. మూడోవాడు గొట్టం సంగతి తర్వాత, ముందు స్టాండు కొనమంటాడు.

"స్టాండుదేముంది సాబిరా, మూడు కాళ్లు! మన దగ్గర నాలుగున్నాయి," అని ఆ కాగితం పక్కన పడేశారు. పెళ్లి ఫోటోలవాళ్లకి స్టాండంటే లైటు తగిలించుకునేది, అంతే మరి.

ఉన్న స్టాండుతోనే బాపట్ల దగ్గర సూర్యలంక ఇసుకలో, సముద్రానికి వీపు పెట్టి, ఉత్తరం వైపు అరగంట షట్టరు తెరిచి ఒక ఫోటో తీశారు. కడిగిస్తే చుక్కలన్నీ వంకర గీతలు.

"గాలికి స్టాండు ఊగింది. పెద్ద గొట్టమైతే వెలుతురు ఎక్కువ లాగుతుంది, చిటికెలో పనైపోతుంది," అన్నారు. అద్దమా, లెన్సా అని మళ్లీ మొదలు. అన్నం ముందు కూర్చుని నన్నడుగుతారు! నాకేం తెలుసు, నా తలకాయ?

గురువారం రేపల్లె అవతల నిజాంపట్నం నుంచి అంకారావు వచ్చాడు. బోటు మీద వేటకెళ్లే మనిషి. కూతురి పెళ్లి ఆల్బం కోసం వచ్చి, బల్ల మీదున్న గీతల ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. గాలి సంగతి మా ఆయన చెప్పారు.

"ఊగడమేంటి సార్? ఊగితే చిందరవందరగా ఉండవా? ఇవన్నీ ఒక్కదాని చుట్టూ తిరుగుతున్నాయండి. ఇదిగో, ఇది కదల్లేదు చూడండి. ఉత్తరపు చుక్క ఇది. దీన్ని చూసుకునే మేం బోటు ఒడ్డుకి తిప్పుతాం. ఆకాశం తిరుగుతుంటే మీ స్టాండు నిలబడిపోతే ఎట్టాగండి?"

మా ఆయన పరుగెత్తి పారేసిన కాగితం వెతికారు. అందులో ఉన్నదీ అదే. చుక్కలతోపాటు మోటారు మీద తిరిగే స్టాండు, దాని ఇరుసు ఆ ఉత్తరపు చుక్క వైపు పెట్టాలి.

"టెలిస్కోపు మానేసి ఇనుప స్టాండు మోసుకురమ్మంటారేంటి బావా? పిచ్చెక్కిందా?" అన్నాడు ముజీబ్ ఫోన్లో. నాకూ అదే అనుమానం. గొట్టం బదులు పెళ్లిళ్లకి వాడే పెద్ద లెన్సు చాలన్నారు ఈయన.

స్టాండు వచ్చింది. డిసెంబరులో మళ్లీ సూర్యలంక వెళ్లారు. వారానికి ల్యాబు నుంచి ప్రింటు వస్తే, గుమ్మంలో ఎండకు పట్టుకుని దగ్గరకు తెచ్చారు, దూరం పెట్టారు, మళ్లీ దగ్గరకు తెచ్చారు.

"సాబిరా, చుక్కలేనా? గీతలా?"

అప్పుడే కనబడటం లేదా? డాక్టరు చెప్పిన ఏడాది ఇంకా కాలేదు. చూశాను. ఒక్క గీత లేదు. మధ్యలో వేలితో పౌడరు రాసినట్టు ఏటవాలుగా ఒక మసక.

"చుక్కలేనండీ. మీ ఆండ్రోమెడా కూడా ఉంది."

"నన్ను ఊరుకోబెట్టడానికి అనకు."

ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆయన వేలు పట్టుకుని ఆ మసక మీద పెట్టి, "ఇక్కడ," అన్నాను. నున్నటి కాగితం, వేలికేం తెలుస్తుంది? అయినా ఆయన చాలాసేపు వేలు తీయలేదు.