నడుమ ఖాళీ

నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్లే బస్సులో పక్కన కూర్చున్న అవ్వ తన ఫోను నా చేతిలో పెట్టింది.

"పెద్దగ కనవడేటట్టు చెయ్యి బిడ్డా. కండ్లు సరిగ అవుపడ్తలేవు."

చూపు మందగించినవాళ్ల కోసం పెద్ద పెద్ద బొమ్మలతో ఉండే హోమ్ స్క్రీన్ యాప్ ఒకటి ఎక్కించి, ఎలా నొక్కాలో చెప్పసాగాను. ఆమె మొహం తిప్పుకుని కిటికీ వైపు చూస్తోంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. వినాలని లేనప్పుడు అడగడం దేనికి?

"గీ బొమ్మలు అంచులకు జరుపు," అంది అటే చూస్తూ. "నడుమ ఏం పెట్టకు. నేను దేన్ని సూస్తె గదే మాయమైతది. పక్కకు తిరిగితెనే జర కనవడ్తది."

అంటే ఇంతసేపూ నన్నే చూస్తోందన్నమాట.

"అందరం ఒక్కకాడ కూసొని బీడీలు చేస్తం. నేను మొఖం తిప్పుకుంటున్న అనుకొని ఒక్కొక్కలు మాట్లాడుడు బంద్ చేసిండ్రు. బీడీలైతే చూపు లేకున్న చేతులే చేస్తయ్."

"మరి వాళ్లకు చెప్పలేదా అవ్వా?"

"చెప్తె పనికెల్లి తీసేస్తరేమోనని బుగులు."

అంచుల్లో పెట్టడానికి ఎవరి నంబర్లు కావాలని అడిగితే, ఆమె చెప్పిన పేర్లు రెండే.

ఎడపల్లిలో దిగింది. బస్సు కదులుతుంటే కిటికీలోంచి చూశాను. రోడ్డు పక్కన నిలబడి, మొహం చెరకు తోటల వైపు తిప్పుకుని ఉంది. నేను చెయ్యి ఊపాను.

"ఆమె ఇటు సూస్తనే లేదు గద," అన్నాడు వెనక సీటాయన.

నేను చెయ్యి దించలేదు.