పాతిక న్యూటన్ మీటర్ల అనుమానం

సుధాకరరావు గారు ఇంకొకరు చదివిన అంకెను నమ్మరు. దేవుణ్ణి నమ్ముతారు, వాతావరణ సూచనను కూడా కాస్తో కూస్తో నమ్ముతారు, కానీ అంకె మాత్రం తన కళ్ళతో తనే చదవాలి. కాకినాడలో తూనికలు కొలతల శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, తప్పుడు కాటాలవాళ్ళను వందలమందిని పట్టుకున్న మనిషి. ఆయన ఉద్యోగాన్ని వదిలినా అది ఆయన్ని వదల్లేదు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం, నోట్లో ఎప్పుడూ ఒకటే మాట: "ఏదీ, నేను చూస్తా!"

కూతురు కీర్తిక దగ్గర ఉందామని సింగపూరు వచ్చాక ఆయనకు చేతినిండా పని దొరికింది. ఇంటి దగ్గరి యూ టీ స్టేషన్లో రైలు రెండు నిమిషాల్లో వస్తుందని బోర్డు చూపిస్తే, చేతి గడియారంతో సరిచూసి "పది సెకన్లు ఆలస్యం" అని ఇంటికొచ్చి ఫిర్యాదు చేసేవారు. లిఫ్టులో తొమ్మిది వెలిగినా సరే, తల బయటికి పెట్టి గోడ మీది అంకె చూశాకే కాలు కదిపేవారు. దురియన్ పళ్ళ కొట్టువాడు "టూ పాయింట్ వన్, అంకుల్" అన్నప్పుడు ఈయన వంగి కాటా కేసి చూస్తే, వరుసలో ఉన్నవాళ్ళంతా దేనికైనా మంచిదని వంగి చూశారు.

కీర్తికకు జ్వరమొస్తే డాక్టరు చేతిలోంచి థర్మామీటరు లాక్కున్నారు. "మీరు మూడు పాయింట్లు ఎక్కువ చెప్పారు." డాక్టరు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఈయన చెప్పిందే నిజం. ఆయన అనుమానాలు తరచూ నిజమవుతూ ఉండటమే అల్లుడు గోపీకృష్ణకు మింగుడుపడని విషయం.

గోపీకృష్ణ జురాంగ్ ఈస్ట్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్ విభాగంలో పనిచేస్తాడు. అతని ప్రాణమంతా సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఒక పికప్ ట్రక్కు మీద ఉంటుంది. దాని సత్తా చూపించడానికి ఈ ఊళ్ళో చోటు లేదు. అందుకని మలేసియాలో ఒక రేసు ట్రాకు మీద బండి నడిపే అవకాశం కోసం పేరిచ్చి రెండేళ్ళు కాచుకున్నాడు. వచ్చే నెల మొదటి శనివారం రమ్మని కబురొచ్చింది. ఆలోగా బండికి పెద్ద సూపర్‌ఛార్జరు వెయ్యాలి, గాలి లోపలికి వెళ్ళే పెట్టె, గొట్టం మార్చాలి. అనుమతి కాగితాలు కూడా వచ్చాయి. వాటి మీది నంబర్లను మామగారు రెండుసార్లు చదివారు.

"ఈ సూపర్‌ఛార్జరు ఏం చేస్తుంది అల్లుడుగారూ?"

"ఇంజన్లోకి గాలిని బలవంతంగా కూరుతుంది మామయ్యగారూ. దాంతో బండి శక్తి పెరుగుతుంది."

"ఎంత?"

"దాదాపు నూరు గుర్రాల బలం."

"దాదాపా?" మామగారి కనుబొమలు పైకి లేచాయి. "కొలిచిందెవరు?"

"ఉన్న గుర్రాలే కార్‌పార్కులో నిద్రపోతున్నాయి, ఇంకో నూరెందుకు?" అంది కీర్తిక వంటింట్లోంచి.

ఈ పని చేయగలిగినవాడు గోపీకృష్ణకు తెలిసినంతలో ఒక్కడే. అతను సాంబమూర్తి. యూ టీకి కాస్త అవతల షెడ్ల వరసలో అతని వర్క్‌షాపు. తాతల నాడు విశాఖ నుంచి వచ్చిన కుటుంబం, అరవై దాటిన మనిషి. పనిలో దిట్ట, కోపంలో అంతకన్నా దిట్ట. ఒకసారి ఎవరో "ఖాయమేనా?" అని అడిగిన పాపానికి, సగం విప్పిన బండిని అలాగే లారీ ఎక్కించి పంపేశాడట. అందుకే మామగారిని ఇంట్లో వదిలి వెళ్ళాలని గోపీకృష్ణ ప్రయత్నించాడు. మామగారు అతనికంటే ముందే బండెక్కి కూర్చున్నారు.

సాంబమూర్తి పాత సూపర్‌ఛార్జరు దించి, కొత్తది ఇంజను మీద కూర్చోబెట్టాడు. బోల్టులన్నీ ఒకే కొలతకు బిగించాలి. తక్కువైతే గాలి బయటికి పోతుంది, ఎక్కువైతే బోల్టు పట్టే మరలు చిరిగిపోయి ఇంజనుకే ముప్పు. పాతిక న్యూటన్ మీటర్ల ఆ బిగింపును టార్క్ రెంచి అనే పనిముట్టు పిడి మీద సన్నటి గీతల దగ్గర తిప్పి పెట్టుకోవాలి. సాంబమూర్తి పిడి తిప్పాడు. "ట్వంటీ ఫైవ్. సరి."

"ఏదీ, నేను చూస్తా!"

గోపీకృష్ణ కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి రెంచి మామగారి చేతిలో ఉంది. భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత సాంబమూర్తి మొహం కేసి ఇంకా ఎక్కువసేపు చూశారు. పిడి మీద చెయ్యి అటూ ఇటూ ఆడించి తిరిగిచ్చారు.

"పాతికే. కానీ నాకు మీ మీద నమ్మకం లేదు. రేపట్నుంచి రోజూ వస్తా. ప్రతి అంకె నేనే చదువుతా."

గోపీకృష్ణ లారీ కోసం ఎదురుచూశాడు. సాంబమూర్తి నేల కేసి చూస్తూ, "వాంగ సార్, రండి. స్టూలు ఉంది లా" అన్నాడు తన సింగపూరు తెలుగులో.

గోపీకృష్ణకు అనుమానం మొదలైంది అక్కడే. ఆ తర్వాత అది ఊరుకోలేదు. మామగారు రోజూ పొద్దున్నే వర్క్‌షాపుకు బయల్దేరేవారు. టిఫిన్ డబ్బా ఒకటి కాదు, రెండు. ఒక సాయంత్రం బాల్కనీలో ఫోన్లో గుసగుసగా, "అల్లుడికి మాత్రం తెలియకూడదండీ" అనడం వినబడింది. మర్నాడు ఆయన జేబులో భూతద్దం లేదు.

"భూతద్దం ఏది మామయ్యగారూ?"

"ఎక్కడో పెట్టి మరిచిపోయాను."

గుండుసూది కూడా పోగొట్టుకోని మనిషి! గోపీకృష్ణ ఆ రాత్రి భార్యతో, "మీ నాన్న నా బండిని ట్రాకు ఎక్కనివ్వకుండా సాంబమూర్తితో కలిసి ఏదో చేస్తున్నారు" అన్నాడు.

"మా నాన్న జబ్బు నీకూ అంటుకుంది" అంది కీర్తిక, అటు తిరిగి పడుకుంటూ.

మర్నాడు గోపీకృష్ణ సగం రోజు సెలవు పెట్టి, చెప్పాపెట్టకుండా వర్క్‌షాపుకు వెళ్ళి టైర్ల గుట్ట వెనక నక్కాడు. లోపల ఇంకో బండి పక్కన దాని ఆసామి నిలబడి ఉన్నాడు. మామగారు స్టూలు మీంచి లేచి అరుస్తున్నారు. "ఏదీ, నేను చూస్తా! మిమ్మల్ని నమ్మేదెవరు! ఇరవై రెండు. ఆ, ఇప్పుడు బిగించండి!" పాపం సాంబమూర్తి అన్నట్టు ఆ ఆసామి జాలిగా తలూపి వెళ్ళిపోయాడు.

అతను మలుపు తిరగగానే మామగారి గొంతు మారిపోయింది. "మెల్లిగా సాంబమూర్తిగారూ, ఆ బోల్టు కాదు, పక్కది. మీద ఎనిమిది అని ఉంది చూడండి." సాంబమూర్తి బోల్టును ముక్కుకు ఆనించుకుని, రెండో చేత్తో భూతద్దం పట్టుకుని చూశాడు. అది మామగారి భూతద్దమే.

"కనబడలేదు సార్. అంతా పొగ మాదిరి."

"మీ కళ్ళ ఆపరేషన్‌కు ఇంక పదకొండు రోజులేగా. అందాకా అంకెలు నావి, చేతులు మీవి. ముందు మకాన్, తిండి కానివ్వండి. పెసరట్లు చల్లారిపోతున్నాయి."

గోపీకృష్ణ చెయ్యి తగిలి పైనున్న టైరు దొర్లింది. అల్లుణ్ణి చూసీ చూడగానే మామగారు గొంతు పెంచేశారు. "చూశారా అల్లుడుగారూ! ఈయన్ని ఒక్క క్షణం వదలడానికి లేదు!"

సాంబమూర్తి తల దించుకున్నాడు. తన బండి, తన రెండేళ్ళ ఆశ, కళ్ళు కనిపించని మనిషి చేతిలో! గోపీకృష్ణ తన బండి దగ్గరికి వెళ్ళాడు. అప్పుడు ఇంజను మీద వరసగా బిగిసి ఉన్న బోల్టుల కేసి చూశాడు. వాటి ప్రతి కొలతనూ సుధాకరరావు గారు చదివారు. ఇంతకంటే పూచీ ఎవరిస్తారు?

"నిజమే మామయ్యగారూ" అన్నాడు గట్టిగా. "మీరిక్కడే కూర్చోండి. ఈయన్ని అస్సలు నమ్మకండి."

సాయంత్రం తిరిగొస్తుంటే బస్‌స్టాపులో మామగారు నోరు విప్పారు. "మొదటిరోజు ముప్ఫై ఐదు పెట్టి పాతికన్నాడు. నేనే చాటుగా తిప్పి సరిచేశాను. సర్వీసులో ఉంటే కేసు రాసేవాణ్ణి. కానీ దొంగ కాటావాడు కళ్ళు పక్కకి తిప్పుకుంటాడండీ. ఈయన చిట్లించాడు. కళ్ళు పోతున్నాయని తెలిస్తే ఇంకెవడు బండి తెస్తాడు?"

"అందుకని మీరు అందరి ముందూ అలా..."

"నేను అనుమానపు మనిషినని అందరికీ తెలుసు. నేను చదివితే ఎవరికీ అనుమానం రాదు."

గోపీకృష్ణకు ఆయన మీద ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది. బోర్డు చూసి, బస్సు మూడు నిమిషాల్లో వస్తుందని చెప్పాడు. మామగారు లేచి బోర్డు దగ్గరికెళ్ళి చూసొచ్చారు.

ఆపరేషన్ బాగా జరిగింది. మామగారు ఆసుపత్రికి వెంట వెళ్ళి, మంచం నంబరు సరిచూసి మరీ పడుకోబెట్టారు. ట్రాకుకు వెళ్ళాల్సిన శనివారానికి ముందురోజు సాంబమూర్తి ఫోన్ చేసి బండి తెమ్మన్నాడు. బానెట్ ఎత్తి, రెంచి తీసి, కొత్త కళ్ళతో ఒక్కొక్క బోల్టూ చూడడం మొదలుపెట్టాడు.

మామగారు నిర్ఘాంతపోయారు. "అన్నీ పాతికేనండీ! నేను స్వయంగా చదివాను!"

"మీరు చదివితే సరిపోదు సార్" అన్నాడు సాంబమూర్తి. "ఏదీ, నేను చూస్తా!"

అన్నీ పాతికే. మామగారు ఛాతీ విరుచుకున్నారు. అప్పుడు సాంబమూర్తి చూపు గాలి పెట్టె మూత మీదికి వెళ్ళింది. దాని మీద అంటించిన కంపెనీ పేరు తలకిందులుగా ఉంది.

"ఇది ఎవరూ చూడలేదా సార్?"

మామగారు వంగి, తనకు తిరిగొచ్చిన భూతద్దం పెట్టి, తీరిగ్గా పరిశీలించారు.

"అక్షరాలు," అన్నారు నిటారుగా లేచి, "మా శాఖలోకి రావండి."