ప్రకటనల మధ్య మాటలు

సూర్యాపేటలో మాది చిన్న రికార్డింగ్ గది. బట్టల దుకాణాల తగ్గింపు ధరలు, కొత్త హోటళ్ల ప్రారంభాలు, సభలు, జాతరలు, ఏదైనా సరే ఆటో మీద మైకులో వినిపించే ప్రచారం అక్కడే తయారయ్యేది. గొంతు మా అన్నది, ఎడిటింగ్ నాది. అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. పనిలో చేరిన రోజు నుంచి అలాగే పిలిచాను. మిర్యాలగూడలో, కోదాడలో కూడా ఆ గొంతు ఎరగనివాళ్లు తక్కువ. మనిషిని మాత్రం ఎవరూ పోల్చుకోరు. మార్కెట్లో ఉల్లిగడ్డలు బేరం చేస్తుంటే అమ్మే ఆమె తేరిపార చూసి, "నీ గొంతు యాడనో ఇన్నట్టున్నది సారూ" అనేది. అన్న మురిసిపోయి బేరం మరిచిపోయేవాడు.

పోయిన ఎండాకాలం ఆ గొంతు బొంగురుపోయింది. జలుబే అనుకున్నాం. హైదరాబాద్ దవాఖానలో చూపిస్తే గడ్డ అన్నారు. ఆపరేషన్ చేశారు. ప్రాణానికి భయం లేదు గానీ, అప్పటి నుంచి ఆయన నోట వచ్చేది గుసగుస మాత్రమే.

ఆయన కోలుకుంటున్న రోజుల్లోనే మా కంప్యూటర్ మొరాయించింది. ఆన్ చేస్తే లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. బాగుచేసే అతన్ని పిలిస్తే మూత విప్పి, చెవి పెట్టి విన్నాడు.

"హార్డ్ డిస్క్ పోతున్నది మేడం. కొత్తది పెట్టి దీంట్ల ఉన్నది దాంట్లకు మారుద్దాం. కానీ ఇది ఎంతసేపు నడుస్తదో చెప్పలేను. ముందు ఏది తీయమంటరు?"

ఒక భాగంలో సిస్టం, దానితోపాటు మేము పనిచేసే పాత సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. దాని సీడీ ఎప్పుడో పోయింది, అమ్మిన కంపెనీయే ఇప్పుడు లేదు. మళ్లీ వేసుకునే దారి లేదు కాబట్టి సిస్టంను ఉన్నదున్నట్టు కొత్త డిస్కులోకి ఎక్కించాల్సిందే. రెండో భాగంలో అన్న రికార్డింగులు, కత్తిరించకముందువి. మైకు ముందు కూర్చున్నప్పటి నుంచి లేచేదాకా అన్నీ పడేవి అందులో. ప్రకటనకూ ప్రకటనకూ మధ్య చాయ్ అడగడం, రాసిచ్చినవాడి తప్పులకు తిట్టడం, సొంతూరు మోతెలో వాళ్లమ్మ బర్రె వెంట పరుగెత్తిన కథ చెప్పి తానే పడీపడీ నవ్వడం.

అన్న ఆ రోజు అక్కడే ఉన్నాడు, మెడకు తువ్వాల చుట్టుకుని. నేను ఆయన వైపు చూశాను.

"సిస్టం తీయమను చెల్లె," అన్నాడు గుసగుసగా. "దుకాణం నడవాలె గదా. మిర్యాలగూడ సేటు ఊకె ఫోన్ చేస్తుండు."

"మరి నీ రికార్డింగులు?"

"అయ్యేం జేసుకుంటం? ప్రచారాలన్నీ ఆటోలోళ్ల పెన్‌డ్రైవ్‌లల్ల ఉన్నయి గదా."

సబబుగానే తోచింది. సరేనన్నాను.

కాపీ మొదలైంది. ఎంత కాపీ అయిందో చూపే గీత మధ్యలో ఒకచోట కదలకుండా నిలిచిపోయింది. కాసేపటికి అదే కదిలింది. కొత్త డిస్కు మీద కంప్యూటర్ లేచినప్పుడు తెర మీద అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ కూడా తెరుచుకుంది. అన్న నా భుజం తట్టాడు.

తర్వాత రెండో భాగం మొదలుపెట్టాడతను. నాలుగైదు ఫైళ్లు వచ్చాయో లేదో, టిక్కు టిక్కు ఆగిపోయింది. కంప్యూటర్‌కు ఆ డిస్కు మళ్లీ కనిపించలేదు. హైదరాబాద్ పంపిస్తే, లోపలి పళ్లెం గీసుకుపోయింది, ఏమీ రాదని తిప్పి పంపారు.

ఆ పూట మాకు పెద్ద బాధ అనిపించలేదు. పని నిలబడిందన్న సంతోషంలో మిర్చిబజ్జీలు తెప్పించుకుని తిన్నాం.

కొన్నాళ్లకు కోదాడ నుంచి అన్న కూతురు ఫోన్ చేసింది. ఆమె బిడ్డకు అప్పుడప్పుడే మాటలొస్తున్నాయి.

"అత్తా, నాన్న మామూలుగా మాట్లాడింది ఏమైనా ఉందా నీ దగ్గర? పాపకి వినిపిద్దామని. మా ఫోన్లలో ఒక్కటీ లేదు. వాయిస్ మెసేజ్ పెట్టమంటే, పొద్దంతా మైకుకు మాట్లాడి ఫోనుకు గూడ మాట్లాడాల్నా అనేవాడు."

జరిగిందంతా చెప్పాను.

"సర్లే అత్తా. మీరు మాత్రం ఏం చేస్తారు," అంది. కోప్పడి ఉంటే బాగుండుననిపించింది.

బతికిన ఫైళ్లన్నీ కూర్చుని విన్నాను. ఒకదాంట్లో కుర్చీ జరిగిన చప్పుడు, చిన్న దగ్గు, "మైకు జర ఇటు జరుపు" అన్న మాట. ఆ వెంటనే చీరల తగ్గింపు ధరలు. మిగతావన్నీ ప్రకటనలే. ఆ ఒక్క ముక్కే పంపాను. పాప రెండుసార్లు విని ఫోను పక్కన పడేసిందట.

ఒకరోజు అన్నను అడిగాను, ఆ పూట సిస్టమే ముందు తీయమని ఎందుకన్నావని.

"నాకు గూడ యాదికి రాలె చెల్లె. నా గొంతంటే ప్రచారమే అనుకున్న."

"ఇప్పుడన్నా మైకు ముందు కూర్చో. ఎట్లొస్తే అట్ల మాట్లాడు. పాపకు పంపుదాం," అన్నాను. తల అడ్డంగా ఊపి, కిటికీలోంచి రోడ్డు మీదికి చూస్తూ కూర్చున్నాడు.

ఇప్పుడు ప్రచారాలు ఒక డిగ్రీ చదివిన అమ్మాయి చదువుతోంది. అన్న మధ్యాహ్నాలు వచ్చి కూర్చుంటాడు. ఆమె ఎక్కడైనా పదం మింగితే వేలెత్తి ఆపుతాడు. ఆమె వెళ్లిపోయాక నాతో ఏవో చెబుతాడు, వాళ్లమ్మ గురించి, పొలం గురించి. ఆ గుసగుస వినపడాలని, ఎంత ఉక్కపోతగా ఉన్నా ఫ్యాను ఆపేస్తాను.